పసిపాప జుబ్బా మీద ఏనుగు బొమ్మ: మల్ గుడ్డ ముడుచుకుపోతోంది, దారి చెప్పండి

గోదారి_కుట్లు (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. మా చెల్లికి పాప పుట్టింది. 21వ రోజున బారసాల. జుబ్బాలు, టోపీ ఉన్న టవలు, ఒక చిన్న బొంత నేనే కుట్టి, వాటి మీద జంతువుల బొమ్మలు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసి ఇద్దామని ఉంది. మిషన్ ఇంట్లోనే ఉంది, గుడ్డ బిగించే ఫ్రేమ్ 4 అంగుళాలది. తాడితోటలో తెల్ల మల్ గుడ్డ తెచ్చాను, పలచని నూలుది.

నెట్‌లో కొన్న ఏనుగుపిల్ల డిజైన్ ముందు ఒక ముక్క మీద వేసి చూశాను. బొమ్మ వరకు ముద్దుగానే ఉంది. కానీ చుట్టూ గుడ్డంతా కుచ్చిళ్లు వచ్చేసింది. వెనక తడిమితే అట్టముక్కలా ఉంది. అది పాప పొట్టకి ఎలా తగిలిస్తాం? డిజైన్‌లో 11 వేల పైచిలుకు కుట్లున్నాయి. కింద చింపేసే పేపర్ ఒక పొర వేశాను. 40 నంబరు పాలిస్టర్ దారం, సూది మిషన్‌తో పాటు వచ్చినదే. దారం టెన్షన్ (బిగువు) మార్చాలా? పేపర్ ఇంకో పొర వేయాలా?

సిరిసిల్ల_షటిల్
అక్కా, టెన్షన్ ముట్టకు. అది మిషన్ తప్పు గాదు. 11 వేల కుట్లు మల్ మీద ఎవరేసినా గట్లనే అయితది. ఆ డిజైన్ చేసినోళ్లు మందం గుడ్డ మనసుల పెట్టుకొని చేసిన్రు, జీన్స్ జాకెట్టు మీదనో, స్కూలు బ్యాగు మీదనో వెయ్యనీకి. ప్రతి కుట్టు తన రెండు కొసల నడుమ గుడ్డను జరంత దగ్గరికి గుంజుతది. మల్‌ల పోగులు సన్నం, నేత వదులు. గుంజితే జరుగుతయి. వేల కుట్లు ఒక్క దిక్కు గుంజితే ముడత రాక ఏమైతది?

పేపర్ ఇంకో పొర వేస్తే ముడత తగ్గుతది గానీ వెనక ఇంకా గట్టిగైతది. పాపకు కాబట్టి అది మనకొద్దు. డిజైనే మార్చాలె.

పిక్సెల్_పిచ్చుక
షటిల్ అన్న చెప్పింది నిజం. నేను డిజిటైజింగ్ చేస్తాను, అంటే బొమ్మని మిషన్ చదివే కుట్ల ఫైలుగా మారుస్తాను. కొంచెం లోపలి లెక్క చెప్తాను.

నిండుగా నింపే కుట్టులో (ఫిల్లింగ్) వరసకీ వరసకీ మధ్య దూరం మామూలుగా 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. 40 నంబరు దారానికి గుడ్డ కనపడకుండా కప్పే దూరం అదే. దాని కింద మళ్లీ అడుగు కుట్టు ఒకటో రెండో పొరలు. ఏనుగు ఒళ్లు ఒక ఫిల్లింగ్, దాని మీద చెవి ఇంకో ఫిల్లింగ్, చెవి లోపల గులాబీ రంగు మూడోది. ఆ చెవి దగ్గర మీరు తడిమితే గట్టిగా ఉన్నది అందుకే. ఒకదాని మీద ఒకటి మూడు బొమ్మలు కుట్టినట్టు లెక్క.

మల్‌కి రెండే దారులు. ఒకటి, గీత బొమ్మ: రన్నింగ్ కుట్టుతో ఆకారం గీసి, కన్నూ బుగ్గా మాత్రం చిన్నగా నింపడం. రెండోది, పలచని ఫిల్లింగ్: వరసల దూరం 1 మిల్లీమీటరు దాకా పెంచి, అడుగు కుట్టు తీసేసి, ఒకే దిక్కుగా వేయడం. గుడ్డ లోంచి కనిపిస్తూనే ఉంటుంది, రంగు పెన్సిలుతో రుద్దిన బొమ్మలా వస్తుంది. నన్నడిగితే పసిపిల్లల బట్టల మీద నిండు ఫిల్లింగ్ కంటే ఇదే అందం.

ఇంకో మాట. కొన్న డిజైన్‌ని మిషన్‌లోనే చిన్నది చేసేసి వేయకండి. చాలా మిషన్లు కుట్ల సంఖ్య అలాగే ఉంచి సైజు మాత్రం కుదిస్తాయి. అప్పుడు కుట్లు ఇంకా ఇరుక్కుపోతాయి. పదో వంతు వరకు పరవాలేదు, అంతకు మించితే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ లెక్క కట్టించాలి.

బొంతలమ్మ (తెనాలి)
అమ్మాయ్, ముందు ఒకటడుగుతా. జుబ్బా కుట్టేసి దాని మీద ఎంబ్రాయిడరీ వేస్తున్నావా, గుడ్డ మీద వేసి తర్వాత కత్తిరిస్తున్నావా?

గోదారి_కుట్లు
జుబ్బా కుట్టేశాక వేద్దామనుకున్నాను పిన్నిగారూ. రెడీమేడ్‌వాటి మీద అలాగే వేస్తారు కదా.

బొంతలమ్మ (తెనాలి)
రెడీమేడ్‌వాళ్లు కూడా చాలావరకు అలా వేయరు తల్లీ, ముక్కల మీద వేసి ఆ తర్వాతే కుడతారు. నెలలోపు పాప జుబ్బా ఛాతీ దగ్గర ఎంత ఉంటుంది, ఎనిమిది తొమ్మిది అంగుళాలు. దాన్ని ఫ్రేమ్‌లో బిగించాలంటే నీ ప్రాణం విసిగిపోతుంది. చేతులూ నాడాలూ సూది కిందకి వచ్చి కలిసి కుట్టుకుపోతాయి.

నేను చేసేది ఇది. మల్ గుడ్డని ముందు ఒకసారి తడిపి ఆరేస్తాను. నూలు గుడ్డ మొదటి తడుపులో కుంచించుకుపోతుంది, పాలిస్టర్ దారం కుంచించుకుపోదు. తడపకుండా వేస్తే ఈ రోజు చదునుగా ఉన్న బొమ్మ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. ఆరాక సగ్గుబియ్యం గంజి పెడతాను, కాస్త చిక్కగానే. మళ్లీ ఆరేసి, కొంచెం తడి ఉండగా ఇస్త్రీ. అప్పుడు మల్ గుడ్డ కాగితంలా నిలబడుతుంది. దాని మీద జుబ్బా ఆకారం సుద్దతో గీసి, బొమ్మ ఎక్కడ రావాలో గుర్తు పెట్టి, ఎంబ్రాయిడరీ వేసి, ఆ తర్వాత కత్తిరిస్తాను. కుట్టడం అయ్యాక గోరువెచ్చని నీళ్లలో వేస్తే గంజి అంతా పోతుంది. అడుగున పేపరు గోల సగం తగ్గుతుంది.

నీలం మార్కర్ పెన్నుతో గీయకు. నీళ్లకి పోతుందంటారు గానీ ఉతక్కముందు ఇస్త్రీ తగిలిందంటే ఆ గీత ఉండిపోతుంది.

సిరిసిల్ల_షటిల్
పెద్దమ్మా, గంజి ముచ్చట మస్తుంది. ఒక్కటే, గుడ్డ మంచిగ ఎండాలె. తడి మిగిలితే గంజి పొడి బాబిన్ కేసుల పోయి కూసుంటది. పని అయినంక బ్రష్‌తోని తుడువాలె, నూనె చుక్క వెయ్యాలె.

అక్కా, సూది కూడ మార్చు. మిషన్‌తోటి వచ్చేది మామూలుగ 75/11 ఉంటది, మల్‌కు లావు, బొక్కలు కనవడ్తయి. 65/9 తెచ్చుకో. దారం 60 నంబరుది దొరికితే ఇంకా మంచిది, 40 కన్న సన్నం. బాబిన్‌ల గూడ సన్నం దారమే పెట్టు. స్పీడు 400, 500 దాటనియ్యకు. సాగే బనియన్ గుడ్డ మీద వేసేదుంటే మాత్రం మొన మొద్దుగ ఉండే సూది కావాలె, బాల్ పాయింట్ అంటరు. మామూలు సూది బనియన్ గుడ్డ పోగును తెంపుతది, ఉతికినంక అక్కడ్నే తూటు పడ్తది.

కొత్తసూది
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా కుక్కపిల్ల డిజైన్ మిషన్ తెర మీద పచ్చగా, ఊదాగా కనిపిస్తోంది. ఫైల్ పాడైందా?

పిక్సెల్_పిచ్చుక
లేదండీ. డీఎస్‌టీ ఫైల్ అయ్యుంటుంది. అందులో కుట్లు, ఎక్కడ ఆగాలో ఉంటాయి, రంగులు ఉండవు. మిషన్ తనకి తోచిన రంగులు చూపిస్తుంది. డిజైన్‌తో వచ్చిన రంగుల పట్టీ చూసి ఆ వరసలో దారాలు మార్చుకుంటూ పోవడమే. బ్రదర్ మిషనైతే పీఈఎస్, జనోమ్ అయితే జేఈఎఫ్ ఫైల్ తీసుకోండి, వాటిలో రంగులు వస్తాయి.

డాలస్_దారం
గోదారి గారూ, నేను ఇక్కడ బ్రదర్ పీఈ800 మీద వేస్తాను, ఫ్రేమ్ 5 బై 7 అంగుళాలు. మన తెలుగువాళ్ల సీమంతాలకీ బారసాలలకీ ఎక్కువగా నేనే కుట్టిస్తుంటాను. ఇక్కడ పిల్లలకి బనియన్ గుడ్డ వన్‌సీలే (కాళ్ల మధ్య గుండీలు పెట్టే ఒంటి ముక్క జుబ్బాలు) వాడతారు కాబట్టి చింపేసే పేపర్ అసలు పనికి రాదు. సాగే గుడ్డకి వెనక ఎప్పటికీ ఉండిపోయే ఆధారం కావాలి. పలచని జాలీ రకం కటవే (చింపకుండా కత్తిరించే ఆధారం గుడ్డ) వస్తుంది, అది వేసి బొమ్మ చుట్టూ పావు అంగుళం వదిలి గుండ్రంగా కత్తిరిస్తాను. మూలలు ఉంచితే గుచ్చుకుంటాయి.

తర్వాత దాని వెనక ఇస్త్రీతో అంటుకునే మెత్తని అల్లిక గుడ్డ ఒకటి అతికిస్తాను. కుట్లూ ముడులూ ఏవీ ఒంటికి తగలవు. బొమ్మ కంటే అన్ని వైపులా ఒక సెంటీమీటరు పెద్దది కత్తిరించుకోవాలి.

బొంతలమ్మ (తెనాలి)
డాలస్ అమ్మాయ్, మీకు ఇంట్లో ఏసీ ఉంటుంది. ఇక్కడ రోహిణికార్తెలో పాప ఛాతీ మీద నైలాన్ జాలీ, దాని మీద జిగురు గుడ్డ పెడితే చెమటకాయలు పేల్తాయి. అదీగాక ఆ అతికించింది నాలుగు ఉతుకులకే అంచు లేస్తుంది.

డాలస్_దారం
ఇస్త్రీ సరిగా పడితే లేవదు పిన్నిగారూ. పెట్టెని రుద్దకుండా ఒక్కోచోట నొక్కి పట్టాలి, చల్లారేదాకా కదపకూడదు. కానీ ఎండల మాట ఒప్పుకుంటాను. మరి మీరు వెనక ఏం వేస్తారు?

బొంతలమ్మ (తెనాలి)
పాత పంచె. ఇరవై ముప్పై సార్లు ఉతికిన నూలు పంచె కంటే మెత్తటిది ఏ దేశంలో తయారుచేస్తారు? జుబ్బా ముందు భాగానికి ఎంబ్రాయిడరీ అయ్యాక, భుజం నుంచి బొమ్మ కింద వరకు పంచె ముక్క లోపలివైపు అస్తరుగా వేసి, మెడ పట్టీతో, చంక కుట్టుతో కలిపేస్తాను. కింది అంచు చేత్తో సన్నగా హెమ్మింగ్. జిగురూ లేదు, జాలీ లేదు. మన పెద్దవాళ్లు పుట్టిన పిల్లకి ముందు పాతగుడ్డే చుట్టమనేది కూడా ఇందుకే కదా, కొత్తగుడ్డ గంజీ రంగూ ఒంటికి పడవని.

గోదారి_కుట్లు
మా నాన్నగారి పంచెలు బీరువా నిండా ఉన్నాయి. ఈ పద్ధతి నాకు నచ్చింది. మరి కింద పేపర్ అసలు లేకుండా, గంజితోనే గీత బొమ్మ వేయొచ్చా?

సిరిసిల్ల_షటిల్
ఒట్టి గీత అయితే గంజి సాలు. జరంత ఫిల్లింగ్ ఉన్నా కింద నీళ్లల్ల కరిగే ఫిల్మ్ ఒక పొర వెయ్యి. పని అయినంక మిగిలింది కత్తిరించి గోరువెచ్చని నీళ్లల్ల మంచిగ కరగనియ్యి. గాబరగ ఒక్క ముంచు ముంచి తీస్తే జిగట మిగిలి, ఎండినంక మళ్ల గట్టిగైతది. రెండు మూడు నీళ్లు మార్చాలె.

ఫ్రేమ్‌ల బిగించినంక మల్‌ను పట్టి గుంజకు. అందరు చేసే పనే అది, బిర్రుగ ఉండాలని మూల మూలకు గుంజుతరు. ఏటవాలుగ సాగిపోతది. ఫ్రేమ్‌ల ఉన్నప్పుడు మంచిగనే కనవడ్తది, ఇప్పినంక బొమ్మ సుట్టూ ముడుసుకుంటది.

వార్డు_నర్సు
నాకు ఎంబ్రాయిడరీ రాదు, చూసి ఆనందించడానికి వస్తుంటాను. పిల్లల వార్డులో పని చేస్తాను కాబట్టి ఒక మాట చెప్పి వెళ్తాను.

వెనక వేలాడే దారాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. పసిపిల్లల కాలి వేలికో చేతి వేలికో వెంట్రుక గానీ దారం గానీ చుట్టుకుని బిగిసిపోవడం మేం చూస్తుంటాం. వేలు వాచి దారం చర్మంలోకి దిగిపోతుంది. బయటికి కనపడదు. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఇంట్లోవాళ్లకి అర్థం కాదు. సాక్సులు, చేతికి తొడిగే సంచుల లోపలివైపు దారాలతోనే ఇది ఎక్కువ. దయచేసి వాటి మీద ఎంబ్రాయిడరీ వేయకండి, ఎంత ముద్దొచ్చినా. జుబ్బా అయినా, టవలైనా తొడిగేముందు తిరగేసి వేలితో గీరి చూడండి. గోటికి తగిలే ఏ దారమైనా కత్తిరించండి.

కళ్లకి గుండీలు, పూసలు, కుందేలు తోకకి ఉలెన్ బంతులు, ఇవేవీ మూడేళ్లలోపు పిల్లల వస్తువులకి వద్దు. ఊడితే నోట్లోకే.

కొత్తసూది
వెనక వేలాడే దారాలంటే జంప్‌లేనా? నా మిషన్ వాటిని కోయదు.

పిక్సెల్_పిచ్చుక
అవును. ఒక చోట కుట్టు ఆపి ఇంకో చోటికి సూది వెళ్లేటప్పుడు దారం లాగుతుంది, అదే జంప్. పై దారం ముందు కనిపిస్తుంది, బాబిన్ దారం వెనక. కోయని మిషన్ అయితే రంగు మారినప్పుడల్లా ఆపి, వంపు మొన కత్తెరతో రెండు వైపులా కోయాలి. అన్నీ చివర్లో కోద్దాం అనుకుంటే సగం దారాలు తర్వాతి కుట్ల కింద చిక్కుకుంటాయి.

అసలు మంచి డిజైన్‌కి జంప్‌లే తక్కువ ఉండాలి. ఏనుగు రెండు కాళ్ల మధ్య దారం లాగకుండా, పొట్ట గీత మీదుగా రన్నింగ్ కుట్టు నడిపించి రెండో కాలికి చేరుకోవచ్చు. అలా దారి వేయడం తెలిసినవాళ్లు చేసిన డిజైన్ వెనక తిప్పి చూస్తేనే తెలిసిపోతుంది. నేను ఎవరి పనైనా కొనేముందు ముందు ఫొటో కాదు, వెనక ఫొటో అడుగుతాను.

గోదారి_కుట్లు
ఇంకో సమస్య. పాపకి ఉడుత బొమ్మ కూడా వేయాలని మా అమ్మ కోరిక. నెట్‌లో ఎక్కడ వెతికినా ఎర్రతోక ఉడుతలే. ఒళ్లంతా ఒకే రంగు, చేతిలో ఏదో కాయ. మన ఉడుతకి వీపు మీద మూడు చారలుండాలి కదా! అమ్మకి చూపిస్తే "ఇది ఉడుత కాదే, ముంగిసలా ఉంది" అంది.

డాలస్_దారం
హహ్హ. మా పెరట్లో తిరిగేవి అవే, చారలుండవు. రాముడు ఇక్కడిదాకా రాలేదు మరి.

పిక్సెల్_పిచ్చుక
ఏనుగుకీ ఇదే గొడవ. అమ్మకానికి దొరికే డిజైన్లలో చాలావాటికి చెవులు చేటలంత ఉంటాయి, అవి ఆఫ్రికా ఏనుగులు. మన ఏనుగుకి చెవి చిన్నది, నుదురు రెండు బుడిపెలుగా ఉబ్బి ఉంటుంది. మల్ మీద ఇది మనకే లాభం, చెవి చిన్నదైతే కుట్లు తగ్గుతాయి!

ఉడుత నేను గీసి ఇస్తాను, డబ్బులేం వద్దు. ఎలా చేస్తానో కూడా చెప్తాను, నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది. ఇంక్‌స్టిచ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంక్‌స్కేప్‌లో కలిసి పనిచేస్తుంది. మొత్తం ఎత్తు 55 మిల్లీమీటర్లు. ఒళ్లు గోధుమరంగు, పలచని ఫిల్లింగ్, వరసలు వీపు వంపు వెంబడి. చారల చోట ఫిల్లింగ్ వేయను, ఖాళీగా వదిలేస్తాను. గుడ్డ తెలుపే చార అయిపోతుంది. రంగు గుడ్డ అయితే మాత్రం తెల్ల దారంతో 1.2 మిల్లీమీటర్ల సాటిన్ (అటూ ఇటూ దగ్గర దగ్గరగా పడే నున్నని కుట్టు) గీతలు మూడు. తోకకి అంచు గీత ఉండదు, కుట్ల కొసలు ఒకటి పొడుగు ఒకటి పొట్టి, అప్పుడే బొచ్చులా కనిపిస్తుంది.

ముద్దుగా రావడం అనేది అంతా కంటిలో ఉంది. కళ్లు ముఖం మధ్య గీతకి కొంచెం కిందగా, దూరంగా పెట్టాలి. తల ఒంటితో దాదాపు సమానం. కన్ను 3 మిల్లీమీటర్ల నల్ల సాటిన్ చుక్క, దాని పై మూల తెల్ల దారంతో మూడు నాలుగు కుట్లు. ఆ తెల్ల చుక్క లేకపోతే బొమ్మ బతకదు. కన్ను ఎప్పుడూ ఆఖరున కుట్టాలి. ముందే కుడితే తర్వాతి కుట్లు గుడ్డని లాగి రెండు కళ్లూ ఎగుడుదిగుడు అవుతాయి.

గుండ్రం గీస్తే గుండ్రం రాదని కూడా గుర్తుంచుకోండి. కుట్టు సాగే దిక్కున బొమ్మ కుంచించుకుంటుంది, దానికి అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఆ దిక్కున 0.2, 0.3 మిల్లీమీటర్లు ముందే పెంచుతాం. మీ కుక్కపిల్ల బుగ్గ కోడిగుడ్డులా వచ్చిందంటే కారణం అదే, కొత్తసూది గారూ.

కొత్తసూది
నా కుక్కపిల్ల సంగతి మీకెలా తెలుసు!

బొంతలమ్మ (తెనాలి)
ఉడుత నాకూ పంపు బాబూ, మా మునిమనవడి ఉయ్యాల గుడ్డకి.

చావడి_పెద్ద (నిర్వాహకులు)
పిచ్చుక గారు సొంతంగా గీసినది పంచుకోవడానికి అభ్యంతరం లేదు. కానీ కొన్న డిజైన్ ఫైళ్లు ఇక్కడ పెట్టొద్దు. నాకు విడిగా వస్తున్న సందేశాలకీ ఇదే జవాబు: టీవీ కార్టూన్ల పిల్లి, ఎలుక, పంది బొమ్మలు అమ్మకానికి కుట్టడం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నేరం కావచ్చు, "నేనే గీశాను" అన్నా సరే. కొన్న డిజైన్లతో కుట్టిన వస్తువులు అమ్ముకోవచ్చా లేదా అనేది అమ్మినవాళ్ల షరతుల్లో ఉంటుంది, చదువుకోండి. చాలామంది కుట్టిన వస్తువులు అమ్ముకోనిస్తారు, ఫైల్ పంచనివ్వరు.

గోదారి_కుట్లు
నేను అమ్మడం లేదండీ, అయినా మంచి మాట. టవల్ గురించి ఎవరైనా చెప్తారా? టెర్రీ టవలు, మూల టోపీ మీద కుందేలు ముఖం అనుకుంటున్నాను.

డాలస్_దారం
టవల్ మీద గీత బొమ్మ వేయకండి, ఆ నూలు ఉంగరాల్లో గీతలు మునిగిపోతాయి. ఇక్కడ నిండు ఫిల్లింగే కావాలి. మల్‌కి చెప్పినదంతా తిరగేయాలన్నమాట. పైన నీళ్లలో కరిగే ఫిల్మ్ తప్పనిసరి, అది ఉంగరాల్ని అణిచి ఉంచుతుంది. కానీ ఫిల్మ్ కరిగిపోయాక నాలుగైదు ఉతుకులకి ఉంగరాలు మళ్లీ పైకి పొడుచుకొస్తాయి. అందుకని బొమ్మ కింద టవల్ రంగు దారంతో పలచని ఫిల్లింగ్ ఒకటి, బొమ్మ కంటే నాలుగైదు మిల్లీమీటర్లు పెద్దదిగా ముందు వేస్తాను. ఉంగరాలు శాశ్వతంగా పడుకుంటాయి, బొమ్మ వాటి మధ్య గూట్లో కూర్చుంటుంది.

టవల్‌ని ఫ్రేమ్‌లో నొక్కితే ఫ్రేమ్ మచ్చ ఒక పట్టాన పోదు. ఫ్రేమ్‌లో పేపర్ మాత్రమే బిగించి, టవల్ మూల దాని మీద పెట్టి బొమ్మకి దూరంగా గుండు సూదులు గుచ్చేయండి. టోపీ రెండు పొరలుగా కుట్టండి, వెనకవైపు రెండో పొర కప్పేస్తుంది, తలకి ఏమీ గుచ్చుకోదు.

దారం పాలిస్టరే. రేయాన్ మెరుపు బాగుంటుంది గానీ తడిస్తే బలం తగ్గుతుంది. పిల్లల గుడ్డలు వేడినీళ్లలో ఉడికించి ఉతుకుతాం కదా.

సిరిసిల్ల_షటిల్
జరీ దారం గూడ వద్దు అక్కా. బారసాల అంటే అందరు "కొంచెం జరీ ఏస్తే రిచ్‌గ ఉంటది" అంటరు. పాప చెంపకు గీరుకుంటది. అంత జరీ కావాలంటే తల్లి చీర మీద ఏపియ్యిమను.

బొంతలమ్మ (తెనాలి)
బొంతకి అతుకు బొమ్మ వేసుకో అమ్మాయ్. మీ మిషన్‌లో ఆప్లిక్ అంటారే, అది. ముందు గీత కుడుతుంది, ఆ గీత మీద రంగు గుడ్డ పరుస్తావు, మళ్లీ చుట్టూ కుట్టి ఆగుతుంది. అప్పుడు కుట్టు వారగా కత్తెర పట్టి మిగిలిన గుడ్డ తీసేయాలి. ఆ తర్వాత చుట్టూ సాటిన్ అంచు. పదివేల కుట్ల ఏనుగు రెండు మూడు వేలలో అయిపోతుంది, ఒళ్లంతా గుడ్డే కాబట్టి మెత్తగా ఉంటుంది. మీ అమ్మగారి పాత నూలు చీర ముక్క వాడు. కలంకారీ ముక్క అయితే ముందు విడిగా నానబెట్టి రంగు వదులుతుందేమో చూడు, లేకపోతే తెల్ల బొంతంతా మరక.

పైపొర మీద బొమ్మలన్నీ అయ్యాకే లోపలి పాత చీరల పొరలు పరిచి చేత్తో కుట్టు. పొరలన్నీ కలిపి మిషన్ కింద పెట్టావంటే సూది విరుగుతుంది.

డాలస్_దారం
బొంత గురించి ఒక్కటి. ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం ఏడాది నిండేదాకా నిద్రపోయే బిడ్డ పక్కన దుప్పటి, దిండు, బొమ్మ ఏదీ ఉంచొద్దంటుంది. బొంత కింద పరిచి, మనం చూస్తుండగా బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి వాడండి.

బొంతలమ్మ (తెనాలి)
మా పిల్లలందరూ బొంతల్లోనే పెరిగారు. అయినా కప్పొద్దంటే కప్పం, పరుస్తాం.

కొత్తసూది
నేను అమ్ముదామనుకుంటున్నాను. ఎంబ్రాయిడరీ ముఖం వేసి దూది నింపిన ఏనుగు బొమ్మలు. దానికి కూడా రూల్స్ ఉన్నాయా?

పిక్సెల్_పిచ్చుక
ఉన్నాయి. జుబ్బా, బిబ్ బట్టల లెక్క. దూది నింపి ఆడుకునే బొమ్మ చేశారంటే అది ఆటవస్తువు. 2020 బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదు. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకి మినహాయింపు ఉంది. మిషన్ ఎంబ్రాయిడరీ పని ఆ కింద నమోదవుతుందో లేదో వాళ్లనే అడిగి తెలుసుకోండి.

గోదారి_కుట్లు
పిచ్చుక గారూ, ఉడుత అందింది, వేశాను. సగ్గుబియ్యం గంజి, 65 సూది, కింద ఫిల్మ్ ఒక పొర. ముడత లేదు. ఉతికి ఆరేశాక కూడా చేతికి గుడ్డే తగులుతోంది. అమ్మ చారలు లెక్కపెట్టి ఒప్పుకుంది.

ఇంకొక్క ప్రశ్న. బొంత మీద పాప పేరు తెలుగులో వేయాలి. మిషన్‌లో ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే. పేరు ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఒక వత్తు, ఒక గుడి ఉన్నాయని మాత్రం చెల్లి చెప్పింది.

బొంతలమ్మ (తెనాలి)
బారసాలలో తండ్రి బియ్యంలో పేరు రాయకముందే నువ్వు బొంత మీద రాసేస్తే ఊరుకుంటారా? చోటు వదిలిపెట్టు.

పిక్సెల్_పిచ్చుక
విడిగా ఒక పట్టీ మీద వేసి తర్వాత బొంతకి చేత్తో కుట్టేయండి. పేరు తెలిశాక నాకు పంపితే అక్షరాలు చేసిస్తాను. అసలు అక్షరం ఎత్తు 15 మిల్లీమీటర్లకి తగ్గించొద్దు. తగ్గిస్తే వత్తు మరీ చిన్నదైపోయి, లోపలి ఖాళీలు దారంతో పూడుకుపోతాయి, ముద్దగా కనిపిస్తుంది. గీత మందం 1 మిల్లీమీటరుకి తక్కువైతే సాటిన్ కుదరదు, రన్నింగ్ కుట్టే మూడుసార్లు నడిపిస్తాను. అక్షరానికీ వత్తుకీ మధ్య కనీసం ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండేలా వత్తుని కొంచెం కిందకి జరపాలి. కంప్యూటర్ ఫాంటుని ఉన్నదున్నట్టు కుట్లుగా మారిస్తే అది దొరకదు, చేత్తో సర్దాల్సిందే.

గోదారి_కుట్లు
పట్టీకి ఏ గుడ్డ మంచిది? మల్ మిగిలింది, కానీ అక్షరాలకి పలచనేమో.

సిరిసిల్ల_షటిల్
మల్ వద్దు. పాప్లిన్ తీసుకో, నేత దగ్గరగ ఉంటది, అక్షరం అంచు తెగినట్టు శుభ్రంగ వస్తది. కింద చింపే పేపర్ ఒక పొర సాలు. బొంత మీద కుడ్తవు కాబట్టి వెనక ఎట్లున్నా పర్వాలేదు. పట్టీని పేరుకన్న రెండు అంగుళాలు పొడుగు కోసుకో, పేరు సివరిదాక మారుతనే ఉంటది.